ముందు తడి పోవాలి

మా మామ్మకి బట్టల విషయంలో ఒకటే పట్టుదల. ముందు తడి పోవాలి, వాసన సంగతి ఆ తర్వాత. సరిగ్గా ఆరని బట్ట మీద పన్నీరు చల్లినా, అత్తరు రాసినా ఒప్పుకునేది కాదు. "స్నానం ఎగ్గొట్టి పౌడరు కొట్టుకున్నట్టు ఉంటుందే అమ్మాయ్" అనేది. కోనసీమలో పుట్టి, కోనసీమలోనే కాపురం చేసిన మనిషి. తడి గురించి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎటు చూసినా కాలవలు, బోదెలు, చెరువులు. ఇంటి చుట్టూ కొబ్బరి తోట. ఎండ నేల మీద పడాలంటే ఆకుల సందుల్లోంచి దూరి రావాలి. శ్రావణం వచ్చిందంటే గోడలు చెమ్మగిల్లేవి, ఉప్పు జాడీలో నీరు చేరేది, అటక మీద బొంతలు ముక్కవాసన కొట్టేవి. అలాంటి చోట బట్టలు కంపు కొట్టకుండా ఉంచడమే పెద్ద పని. మంచి వాసన వచ్చేలా ఉంచడం ఇంకా పెద్ద పని. మామ్మ రెండూ చేసేది, అదీ పైసా ఖర్చు లేనట్టే.

ఈ మధ్య పెళ్లిళ్లలో పక్కన ఎవరు కూర్చున్నా బట్టల్లోంచి ఒకే రకం వాసన వస్తోంది. వాషింగ్ మెషిన్‌లో ఆఖర్న పోస్తారే, ఆ ద్రవం వాసన. చెడ్డదని అనను గానీ అందరి ఇళ్లూ ఒకేలా వాసనేస్తున్నాయి. మా చిన్నప్పుడు అలా కాదు. దుప్పటి మొహం మీదకి లాక్కుంటే అది ఏ ఇంటిదో చెప్పేవాళ్లం. పెద్దత్తయ్య వాళ్ల ఇంట్లో పక్కబట్టలు కర్పూరం వాసన. పెదనాన్నగారి ఇంట్లోవి వేపాకు, దాంతోపాటు కాస్త పొగాకు, ఎందుకంటే ఆయన చుట్టలు కూడా ఆ బీరువాలోనే దాచుకునేవారు. మావి మొగలి.

మామ్మకి దండేలు రెండు. ఒకటి పెరట్లో నూతి పక్కన, రెండోది వసారాలో. తెల్లబట్టలు, తువాళ్లు, దుప్పట్లు పెరట్లో ఎండకి. రంగు చీరలు తిరగేసి, ఎండ తగిలీ తగలనట్టు. పట్టువి పూర్తిగా వసారా నీడన. కొబ్బరాకుల నీడ జరిగినప్పుడల్లా బట్టలు కూడా జరగాలి, ఆ పని పిల్లలది. ఆట మంచి రసపట్టులో ఉండగా "అమ్మాయ్, నీడొచ్చేసింది" అని కేక వినపడేది. మధ్యాహ్నం మూడు దాటితే దండెం మీద గుడ్డముక్క ఉండకూడదు, సాయంత్రం గాలిలో చెమ్మ మళ్లీ బట్టలోకి ఎక్కుతుందని. తీసిన వెంటనే మడత పెట్టనిచ్చేది కూడా కాదు. మంచం మీద పరిచి, వేడి చల్లారాక, ఒక్కో బట్టనీ తడిమేది. చొక్కాకి కాలరు, చంకల దగ్గర కుట్లు, జేబు అడుగు. లంగాకి బొందు దోపే మడత. అన్నిటికన్నా ఆఖర్న ఆరేవి అవే. అక్కడ వేలికి ఏమాత్రం చల్లగా తగిలినా మళ్లీ దండెం ఎక్కాల్సిందే. ఇప్పటికీ దండెం మీంచి చొక్కా తీస్తే నా వేళ్లు నేరుగా కాలరు దగ్గరకే వెళ్తాయి.

ఎండలో ఆరిన బట్టకి ఒక వాసన ఉంటుంది కదా. అదంతా మన భ్రమేమో అనుకునేదాన్ని. తడి తువాళ్లని ఇంటి లోపల, నీడలో, ఎండలో విడివిడిగా ఆరేసి చూసిన రసాయన శాస్త్రవేత్తలు 2020లో ఆ సంగతి తేల్చారు. ఎండలో ఆరినవాటిలో ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే పదార్థాలు పుడుతున్నాయట. సెంట్లలో వాడేవి కూడా ఆ జాతివే. మామ్మకి ఈ పేర్లు తెలియవు. "ఎండ తిన్న బట్ట" అనేది, అంతే.

రోజువారీ బట్టలు ఇంట్లోనే 501 బారు సబ్బుతో ఉతుక్కునేవాళ్లం. పంచెలు, దుప్పట్లు, పక్కబట్టలు మాత్రం రేవుకి వెళ్లేవి. వాటికోసం ఒక ముసలాయన వచ్చి, లెక్క చూసుకుని మూట కట్టుకునేవాడు. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి అంచు మూల నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులు పడ్డా అది చెరగదు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రేవు దగ్గర చౌడు మట్టి కలిపిన నీళ్లలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించేవాళ్లు. దాన్నే ఉబ్బ వేయడం అంటారు. చౌడులో సహజంగానే సోడా ఉంటుంది కాబట్టి జిడ్డు విడిపోతుంది, ఆ ఆవిరికి కంపు పుట్టించే క్రిములు బతకవు. తెల్లారి బండకేసి బాది, కాలవ గట్టు మీద గడ్డిలో పరిచేవాళ్లు. అలా వచ్చిన దుప్పటికి పూలూ అక్కర్లేదు, ధూపమూ అక్కర్లేదు. కాకపోతే అంత చాకిరీకి ఆయన ఇంటికి చేరింది ఏడాదికోసారి కొలిచిన కాసిని ధాన్యం, పండగలకి పిండివంటలు, మేం కట్టి విడిచిన బట్టలు. ఆ దుప్పట్ల గురించి మురిసిపోతూ మాట్లాడేవాళ్లు ఈ ముక్క కూడా చెప్పాలి.

గంజి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. అప్పుడే వార్చిన గంజి, నీళ్లు కలిపి, మెతుకు లేకుండా పల్చటి గుడ్డలో వడగట్టింది అయ్యుండాలి. పొద్దుటి గంజి సాయంత్రం వాడితే పులిసిన కంపు అప్పటికి తెలియదు, ఇస్త్రీపెట్టె పెట్టగానే బయటపడుతుంది. నాన్నగారి పంచెలకైతే గుడ్డలో కట్టిన నీలిమందు మూట ఆ నీళ్లలో ఒక్కసారి తిప్పేవాళ్లు, పాతబడిన తెలుపులో పసుపు ఛాయ కంటికి ఆనకుండా. పెళ్లికి వెళ్లే చీరలకి గంజిలో కొద్దిగా పన్నీరు కూడా. కానీ గంజి పెట్టిన బట్ట పెట్టెలో దాచడానికి వీల్లేదు. మడత దగ్గర చిట్లుతుంది, పైగా వెండి రంగులో మెరుస్తూ జరజరా పాకే రెక్కల్లేని పురుగు ఒకటి ఆ గంజి కోసమే వస్తుంది. పుస్తకాల అట్టల్లో బంక తినేసేది కూడా అదే. దాచే ముందు గంజి పోయేదాకా జాడించి, ఆరేసి, అప్పుడు మడత.

వేసవిలో కాలవలు కట్టేస్తే అసలు టెన్షన్ మొదలయ్యేది. బావి నీళ్లే దిక్కు. మాది సముద్రానికి మరీ దూరం కాదు, నీళ్లు ఉప్పగా ఉండేవి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు మాత్రం బట్టకి పట్టేస్తుంది. తువాళ్లు బిరుసెక్కి ఒళ్లు గీరుకుపోయేది. పులిహోరలోకి పిండేసిన నిమ్మ డొప్పలు మామ్మ పారేసేది కాదు. రాత్రి చెంబెడు నీళ్లలో వేసి, పొద్దున్న వడగట్టి, ఆఖరి జాడింపు బకెట్టులో పోసేది. నిమ్మ పులుపుకి ఆ తెట్టు కరిగిపోతుంది, సబ్బు కంపు పోతుంది. రంగు బట్టలకి మాత్రం వద్దనేది, నిమ్మరసం తగిలిన చోట ఎండకి వెలిసిపోతుందని. హైదరాబాద్ బోరు నీళ్లకి నేను తెల్ల వెనిగర్ వాడుతున్నాను. అరకప్పు చాలు, బట్ట ఆరాక దాని వాసన ఉండదు. బ్లీచింగ్ వాడిన బకెట్టులో మాత్రం పొరపాటున కూడా పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

చిన్నత్తయ్య పురిటికి వచ్చిన ఏడు వర్షాలు విడవకుండా పడ్డాయి. పసిపిల్ల పొత్తిగుడ్డలు పూటపూటకీ తడుస్తాయి, దండెం మీద రెండు రోజులున్నా ఆరవు. మామ్మ పడకగది పక్క వసారాలో కుంపటి పెట్టింది. కొబ్బరి చిప్పల బొగ్గులు వేసి రాజేసి, పొగంతా పోయి నిప్పు ఎర్రగా నిలిచేదాకా ఆగేది. రాజెయ్యడానికి కొబ్బరి పీచు వాడితే మాత్రం కోపం. పీచు పొగ బట్టకి పడితే ఎన్ని ఉతుకులకీ వదలదు. నిప్పు నిలిచాక దాని మీద పెద్ద వెదురు గంప బోర్లించి, గంప మీద గుడ్డలు ఒక్క వరసలో పరిచేది. ఒకదాని మీద ఒకటి పడకూడదు. పక్కనే పీట వేసుకుని కూర్చుని అరచేతి వెనక వైపుతో తడిమి చూస్తూ తిరగేసేది. అన్నీ పూర్తిగా ఆరాయని నమ్మకం కుదిరాకే గంప అంచు కాస్త ఎత్తి, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి పొడి చల్లేది. పొగ గంప చిల్లుల్లోంచి సన్నగా పైకొచ్చి గుడ్డల్లో ఇంకిపోయేది. అంతే, మళ్లీ వేసేది కాదు. ఎక్కువైతే పసిదానికి దగ్గు వస్తుందని. నిప్పు ఉన్నంతసేపూ పీట మీంచి లేచేది కాదు, కుంపటిని గది లోపలికి తీసుకురానిచ్చేదీ కాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రాణాలు తీస్తుంది, ఆ జాగ్రత్త అప్పటివాళ్లకి బాగా తెలుసు.

ఉతికిన బట్ట కూడా వర్షాకాలంలో ఎందుకు కంపు కొడుతుందో జపాన్ పరిశోధకులు 2012లో బయటపెట్టారు. మొరాక్సెల్లా అనే ఒక బ్యాక్టీరియా ఉతికాక కూడా నూలులో కొంత మిగిలిపోతుంది. బట్ట నెమ్మదిగా ఆరుతుంటే అది పెరిగి, ఒక రకం ఆమ్లాన్ని వదులుతుంది. మనకి వచ్చే కంపు దానిదే. అందుకే సబ్బు పొడి రెండు చెంచాలు ఎక్కువ వేసినా ఒరిగేదేమీ ఉండదు. తొందరగా ఆరాలి, లేదా బాగా వేడి తగలాలి. బాన అయినా, కుంపటి అయినా, ఎండ అయినా చేసింది ఆ పనే.

ఇక పెట్టె. మామ్మది ఆకుపచ్చ రంగు ట్రంకు పెట్టె. అడుగున పాత కాగితాలు, వాటి మీద తెల్ల పంచె పరుపు, ఆ పైన చీరలు. మధ్యమధ్యలో చిన్నచిన్న మూటలు. వేపాకు చిగురు కాకుండా ముదురాకు కోసి, చాటలో పోసి, గలగలమనేదాకా నీడన ఆరబెట్టేది. పచ్చి మిగిలితే పెట్టెలో బూజు పడుతుంది. ఎండిన ఆకు నేరుగా చీరల మధ్య వేస్తే నలిగి పొడై మడతల్లో దూరుతుందని, చిరిగిన పంచె ముక్కల్లో మూట కట్టేది. వేపాకుతో పాటు అందులో తుంచిన వట్టివేళ్లు, కచ్చూరాల ముక్క, ఎండిన దవనం ఉండేవి. లవంగాలు మటుకు లెక్కపెట్టి వేసేది, ఖరీదు కదా. మూతికి పాత చీర అంచు చింపిన పేలిక కట్టేది. వట్టివేళ్ల వాసన తగ్గిందనిపిస్తే పారేయదు. నీళ్లు చిలకరిస్తే మళ్లీ ఘుమఘుమలాడతాయి. అలా నిద్రలేపి, మళ్లీ ఎండలో పూర్తిగా ఆరబెట్టి మూటలోకి.

మొగలి పొదలు కాలవ గట్ల మీద ఉండేవి. ఆకు అంచులకీ వెన్నుకీ ముళ్లే. పాములుంటాయని పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. వర్షాలు మొదలయ్యాక పువ్వు విచ్చిందంటే గట్టు మీద నడిచేవాళ్లకి పొద కనపడకముందే తెలిసిపోతుంది. తోటలో పనిచేసేవాళ్లు వెదురుగడకి కొడవలి కట్టి కోసుకొచ్చేవారు. మామ్మ పైరేకులు వలిచి, లోపలి లేత పసుపు రేకులు ఒక్కోటీ విడదీసి, పుప్పొడి చీరకి అంటకుండా గుమ్మం బయటే దులిపేది. సగం మా జడల్లోకి, సగం పెట్టెలోకి. పెట్టెలోకి వెళ్లేవి ఒక పూట గాలికి ఆరాలి, అప్పుడే చీరకీ చీరకీ మధ్య, గుడ్డలో చుట్టి. బ్రహ్మ పక్షాన దొంగసాక్ష్యం చెప్పిందని శివుడు మొగలిని శపించాడనీ, అందుకే శివపూజకి పనికిరాదనీ చెబుతారు కదా. మామ్మ దానికి నవ్వేసి "ఆయన వద్దంటే మానె, మన చీరలతో దానికి తగాదా ఏం లేదుగా" అనేది. మొగలి దొరకని నెలల్లో గుడి వెనక పొగడ చెట్టు ఉంది. పొద్దున్నే రాలిన పూలు ఏరి దండ గుచ్చితే, ఎండి గోధుమరంగుకి తిరిగినా వాసన పోదు. మల్లెల్ని మాత్రం ఎప్పుడూ పెట్టెలో పెట్టలేదు. వాడితే కుళ్లు కంపు, పైగా మరక.

వీటితో పురుగు పూర్తిగా ఆగుతుందా అంటే, నాకు నమ్మకం లేదు. వేపాకు, కర్పూరం, లవంగం వాసనకి పురుగు కొంత దూరంగా ఉంటుందేమో గానీ అప్పటికే పెట్టేసిన గుడ్లకి ఏమీ కాదు. మామ్మ పెట్టెని కాపాడింది కార్తీకంలో చేసే పని. వానలు వెనకబట్టాక అన్నీ బయటికి తీసి, దులిపి, పెట్టెని కూడా బోర్లించి ఎండబెట్టేది. కట్టి విడిచిన చీర ఉతక్కుండా లోపల పెట్టనిచ్చేది కాదు. ఉన్ని, పట్టు తినే చిమ్మెట పురుగులకి చెమట, నూనె మరకలున్న బట్టంటే మరీ ఇష్టం.

నాన్నగారు ఒకసారి అమలాపురం నుంచి కలరా ఉండలు తెచ్చారు. నెలలు గడిచినా ఏ చీర కట్టినా ఆ ఘాటే. మామ్మకి నచ్చలేదు. పసిపిల్లల బట్టల దగ్గరికైతే అసలే రానివ్వలేదు, కంపని. డాక్టర్లు చెప్పే కారణం అంతకన్నా గట్టిది. ఆ ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకి ఆ బట్టలు తొడిగితే రక్తకణాలు చితికి కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు.

పట్టుచీరల దగ్గరికి వస్తే సబ్బు ఊసే లేదు. పట్టు పురుగు నుంచి వచ్చే మాంసకృత్తు, సబ్బులోని క్షారం దాన్ని తినేస్తుంది. కుంకుడుకాయలు చితక్కొట్టి, గింజ తీసి, గోరువెచ్చటి నీళ్లలో నానేసి పిసికితే వచ్చే నురగ మెత్తగా ఉంటుంది. ఆ రసం రెండుసార్లు వడగట్టాలి, పొట్టు మిగిలితే చీరకి అంటుకుంటుంది. చీరని పిండకూడదు, మెలితిప్పకూడదు. తువాల్లో చుట్టి అదిమితే చాలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు మడత మార్చాలి, లేకపోతే జరీ దగ్గర చిట్లిపోతుంది. అసలు జరీ అంటే వెండితీగ మీద బంగారు పూత. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి చీర మడతకి రబ్బరు బ్యాండు వేయకూడదు. సెంటు కూడా నేరుగా కొట్టకూడదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను ఊళ్లో లేను. దారులు తెరిచాక వెళ్లాను. ఇంటి పెంకులు సగం లేవు, ట్రంకు పెట్టెలో వాన నీళ్లు నిండాయి. మామ్మకి అప్పటికే ఎనభై దాటాయి. ఇల్లు కప్పించే సంగతి మగవాళ్లు చూసుకుంటుంటే ఆవిడ చీరలు ఒక్కోటీ విడదీస్తూ కూర్చుంది. రంగు దిగేవి ఒక పక్క, దిగనివి ఒక పక్క. రంగు కారుతున్న నూలు చీరలు ఉప్పునీళ్లలో వేయించింది. ఒక ధర్మవరం చీర ఎరుపు పక్కనున్న గంధం రంగు చీరకంతా అంటుకుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేకపోయారు. పెరట్లో కొబ్బరి చెట్లు దాదాపు అన్నీ పడిపోయాయి. దాంతో ఆ పెరట్లో నా ఎరుకలో ఎన్నడూ లేనంత ఎండ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్కడా నీడ లేదు. బట్టలన్నీ ఆ రెండు రోజుల్లోనే ఆరిపోయాయి. మామ్మ ఆ ఎండకేసి చూసి "ఇంత ఎండ మనకెందుకే" అంది.

ఇప్పుడు మాది కూకట్‌పల్లిలో ఫ్లాటు. యుటిలిటీ బాల్కనీలో ఎండ పొద్దున్న కాసేపే. మొగలి రేకులు దొరకవు. చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలో ఖస్ అత్తరు, అంటే వట్టివేళ్ల అత్తరు కొని, దూదికి రెండు చుక్కలు అద్ది, బీరువా మూల గిన్నెలో పెడుతున్నాను, బట్టకి తగలకుండా. వట్టివేళ్లు, కచ్చూరాలు మూలికల కొట్లో దొరుకుతున్నాయి. వానాకాలంలో బట్టలు ఫ్యాన్ కింద ఆరేసి, కాలర్ల మీద ఒకసారి ఇస్త్రీపెట్టె తిప్పుతాను. వేపాకుకి మాత్రం కొరత లేదు, కాలనీ పార్కులో చెట్టుంది.

మొన్న అమ్మాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. అక్కడ వాళ్ల కాంప్లెక్సులో బయట దండెం కట్టనివ్వరట, అన్నీ డ్రయర్లోనే. పెళ్లినాటి కంచిపట్టు చీర తీస్తే జరీ నల్లగా ఉందనీ, చింతపండు పెట్టి తోమితే పోతుందని ఎవరో వీడియోలో చెప్పారనీ అంది. వద్దే తల్లీ, ఇత్తడి చెంబు కాదు అది, అలా తోమితే పట్టు పాడవుతుంది అన్నాను. చీరకి ఏం వేసి కట్టావని అడిగితే, మడత జారిపోకుండా రబ్బరు బ్యాండ్లేనట. అవి తీసి పారేసి, పాత నూలు పంచెలో చుట్టి ఉంచమన్నాను. నల్లబడ్డ జరీకి ఇంట్లో చేసేదేమీ లేదు. వచ్చేటప్పుడు పట్టుకురమ్మన్నాను, చీరలు పాలిష్ చేసేవాళ్లకి ఇద్దాం.